వయొలిన్ మాస్టారి సంవత్సరీకానికి గోడబొమ్మ, రేడియో కార్యక్రమం: ఎక్కడ మొదలుపెట్టాలి? (విజయనగరం)

కోటగుమ్మం రాసినది:

అందరికీ నమస్కారం. మా ఊళ్లో వయొలిన్ మాస్టారు, మా జట్టు మొత్తానికి మిత్రుడు, ఈ ఫిబ్రవరిలో కాలం చేశారు. వచ్చే ఫిబ్రవరిలో సంవత్సరీకం. ఆ రోజుకి రెండు పనులు అనుకున్నాం. సంగీత కళాశాల వైపు వెళ్లే దారిలో ఒక ప్రహరీగోడ మీద ఆయన బొమ్మ వేయించడం ఒకటి, ఆయన వాయించినవి రేడియోలో వినిపించడం రెండోది.

ఉన్న సరంజామా ఇదీ. అటక మీద ట్రంకు పెట్టెలో 34 కేసెట్లు దొరికాయి: 60 నిమిషాలవి 22, 90వి 12. కొన్నింటికి తెల్లగా ఏదో పట్టింది. పెద్ద రీళ్లు రెండు. పనికొచ్చే ఫొటోలు మూడు. గోడ 12 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు, పడమటి ముఖం, పాత సున్నం ఉంది. గోడ యజమాని నోటిమాటగా సరేనన్నారు. అందరం వేసుకున్న డబ్బు 60 వేలు.

అడిగేవి: ముందు ఏ పని పట్టుకోవాలి? ఆన్‌లైన్‌లో 5 వాట్ల ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ కిట్లు అమ్ముతున్నారు, ఒక వారం రోజులు ఊరి మట్టుకు పెట్టుకోవచ్చని ఒకరు సలహా ఇచ్చారు, కుదురుతుందా? ఆకాశవాణి వాళ్లని అడగాలంటే ఏం పట్టుకెళ్లాలి? సున్నపు గోడ మీద రంగు నిలుస్తుందా?

—

టేపువైద్యం రాసినది:

గోడ ఎక్కడికీ పోదు, టేపులు పోతాయి. ముందు కేసెట్లు, తరవాత రేడియో, ఆఖర్న గోడ. డబ్బు కూడా ఆ వరసలోనే ఖర్చుపెట్టండి.

ఒక్క కేసెట్టూ ఇంకా డెక్కులో (కేసెట్ ప్లేయర్లో) పెట్టకండి. ముందుగా అన్నింటికీ వెనక అంచున ఉండే రెండు ప్లాస్టిక్ చెవులు విరగ్గొట్టండి. ఇక పొరపాటున రికార్డు మీట నొక్కినా చెరిగిపోదు. ఆ చెవుల చోట ఎవరైనా ప్లాస్టర్ అంటించి ఉంటే అది పీకెయ్యండి.

ఆ తెల్లగా పట్టింది బూజు. కేసెట్టు కిటికీలోంచి చూస్తే చుట్ట అంచున బూడిద చల్లినట్టు కనిపిస్తుంది. అలాంటిది ఒక్కటి వాయించినా హెడ్డుకీ (టేపుని చదివే భాగం) రబ్బరు రోలరుకీ అంటుకుని, తరవాత పెట్టిన ప్రతి కేసెట్టుకీ పాకుతుంది. వాటిని వేరుచేసి, గాలి చొరని డబ్బాలో 100 గ్రాముల సిలికా జెల్‌తో వారం ఉంచండి. తడి ఆరితే బూజు పొడిలా రాలుతుంది, తడి మీద తుడిస్తే టేపంతా పులుముకుంటుంది. ఆరాక ఆరుబయట, మూతికి మాస్కు కట్టుకుని, టేపుని మెల్లగా ఒక చుట్ట నుంచి రెండో చుట్టకి తిప్పుతూ పీచు రాలని బట్టతో తుడవాలి. ఎండలో పెట్టొద్దు. టేపుల్ని ఓవెన్లో వేడిచెయ్యమని ఎక్కడో చదివే ఉంటారు. అది కొన్ని రకాల రీళ్లకి మాత్రమే చేసే వైద్యం, కేసెట్టుకి కాదు.

పెంకు పగిలినా వంగినా, ఐదు మరలు ఉన్న ఖాళీ కేసెట్టు ఒకటి తీసుకుని చుట్టలు రెండూ అందులోకి మార్చెయ్యండి. మూత తీసినప్పుడు టేపు వెనక సన్నటి రేకు మీద చిటికెనవేలి గోరంత ఫెల్టు ముక్క ఉందా చూడండి. పాతవాటిల్లో జిగురు ఎండి అది రాలిపోతుంది. అది లేకపోతే టేపు హెడ్డుకి ఆనదు, శబ్దం దుప్పటి కప్పుకున్నట్టు మందంగా, వస్తూ పోతూ ఉంటుంది. టేపు పాడైందనుకుని పారేసేవి చాలావరకు ఈ ఫెల్టు ఊడినవే.

ఇక డెక్కు. కేసెట్టు పెట్టగానే ఎంపీ3 చేసి ఇచ్చే చవక యూఎస్‌బీ డబ్బాలు కొనకండి. వాటి మోటారు ఊగుతుంది. సినిమా పాటకైతే ఎవరూ పట్టుకోరు గానీ వయొలిన్‌లో గమకం ఏదో మోటారు ఊపు ఏదో తెలియకుండా పోతుంది. మంచి కంపెనీ పాత డెక్కు ఒకటి ఎవరింట్లోనో ఉంటుంది. మూలపడ్డ డెక్కులో బెల్టు తారులా కరిగిపోయి ఉంటుంది. ఆ నల్ల జిగురు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పూర్తిగా తీసి కొత్త బెల్టు వేయించండి. హెడ్డునీ దాని పక్క లోహపు కడ్డీనీ 99 శాతం ఆల్కహాల్‌తో ప్రతి మూడు కేసెట్లకోసారి తుడవాలి. రబ్బరు రోలరుకి మాత్రం సబ్బునీళ్లు చాలు.

అందరూ వదిలేసేది అజిముత్, అంటే హెడ్డు వాలు. హెడ్డు పక్కన చిన్న స్ప్రింగు మర ఉంటుంది. రికార్డు చేసిన మిషన్‌లో హెడ్డు ఎంత వాలి ఉందో మీ డెక్కులోనూ అంతే వాలాలి, లేకపోతే కమాను గీత శబ్దం, మృదంగం చాపు పొడి రెండూ పోతాయి. రెండు ఛానెళ్లనీ మోనోలో కలిపి వింటూ మరని పావు వంతుకి మించకుండా అటూ ఇటూ తిప్పండి. పై శబ్దం (సన్నటి, హెచ్చు స్థాయి శబ్దం) ఎక్కడ బాగా విచ్చుకుంటే అక్కడ ఆపండి. ప్రతి కేసెట్టుకీ ఇది మళ్లీ చెయ్యాల్సిందే.

డాల్బీ (బుస్సు తగ్గించే ఏర్పాటు) ఆఫ్‌లో ఉంచండి. ఇంటి రికార్డర్లలో చేసినవాటికి డాల్బీ ఉండదు, ఆన్ చేస్తే ఉన్న పై శబ్దం కూడా మింగేస్తుంది. వాయించబోయే ముందు ప్రతి కేసెట్టునీ ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కి తిప్పండి. ఏళ్లతరబడి బిగుసుకున్న చుట్ట సర్దుకుంటుంది. కంప్యూటర్లోకి 24 బిట్, 48 కిలోహెర్ట్జ్, వేవ్ ఫైలుగా ఎక్కించాలి. శబ్దం అతి బిగ్గరగా ఉన్న చోట్లు మైనస్ 12, మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఉంటే చాలు, సున్నాని తాకనివ్వొద్దు. గంటకి ఒక జీబీకి కాస్త పైన పడుతుంది. మీ 34 కేసెట్లు 40 గంటలు, అంటే 42 జీబీ లోపే. రోజుకి రెండు చొప్పున పదిహేడు రోజుల పని. ఆ ఫైళ్ల మీద ఏ శుభ్రతా చెయ్యకుండా మూడు చోట్ల దాచండి, అందులో ఒకటి వేరే ఊళ్లో ఉండాలి. పెన్‌డ్రైవు దాచుకోడానికి కాదు, మోసుకెళ్లడానికి.

రీళ్లు మాత్రం తెలియని మిషన్‌కి ఎక్కించకండి. చుట్టని దీపానికి అడ్డంగా పట్టండి. వెలుతురు అవతలికి వస్తే ఎసిటేట్, రాకపోతే పాలిస్టర్ అని లెక్క. వెనిగర్ వాసన వస్తే ఎసిటేట్ కుళ్లడం మొదలైనట్టు, ఆ రీలుని మిగతావాటికి దూరంగా పెట్టి ముందు దాన్నే స్టూడియోకి పంపండి.

—

కోటగుమ్మం రాసినది:

చాలా కృతజ్ఞతలండి. ఇరవై కేసెట్లు అయ్యాయి. ఫెల్టు సంగతి నిజమే, ఐదింటికి అదే జబ్బు. ఇప్పుడు రెండు సందేహాలు. కొన్నింట్లో మాస్టారి శ్రుతి పైకి పోయింది, ఆయన ఎప్పుడూ రెండు శ్రుతిలోనే వాయించేవారు. ఇంకో నాలుగింట్లో వెనకాల సన్నటి ఈల, ఆగకుండా వస్తోంది. ఆ ఈల తీసెయ్యొచ్చా?

—

మంద్రపంచమం రాసినది:

శ్రుతి పైకి పోయిందంటే రికార్డు చేసినప్పుడు మిషన్ మెల్లగా తిరిగిందన్నమాట. సాధారణంగా బ్యాటరీలు దిగిపోతున్న టూ-ఇన్-వన్ చేసే పని. దీన్ని ‘పిచ్ మార్చు’ అనే మీటతో సరిచెయ్యకండి. అది శ్రుతిని దించుతుంది గానీ కాలాన్ని అలాగే వదిలేస్తుంది, మృదంగం నడక పరుగులాగే ఉండిపోతుంది. ‘స్పీడ్ మార్చు’ వాడాలి, రెండూ కలిసి దిగుతాయి.

లెక్క ఇదీ. రెండు శ్రుతి అంటే షడ్జం 293.7 హెర్ట్జ్. తంబురా ఒక్కటే మోగే చోటు ఎంచుకుని స్పెక్ట్రమ్ (ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత శబ్దం ఉందో చూపే పటం) చూడండి. అక్కడ షడ్జం 303 దగ్గర ఉంటే 293.7ని 303తో భాగించండి, 0.969 వస్తుంది. అంటే వేగం 3.1 శాతం తగ్గించాలి. కచేరీ మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి కొలవండి. బ్యాటరీ దిగుతూ ఉంటే మొదట్లో 298, చివర్లో 306 ఉంటుంది, అప్పుడు మొత్తానికి ఒకే అంకె వేస్తే కుదరదు, ముక్కలుగా చెయ్యాలి. అయితే హెర్ట్జ్‌లో భిన్నాల దాకా వెంటపడొద్దు. ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టెకి పక్కనే సన్నగా తిప్పే మరొక మీట ఉంటుంది, గాయకుడి గొంతుని బట్టి ఆ రోజు కాస్త దించి ఉండొచ్చు. అర శ్రుతికి బాగా లోపల తేడా ఉంటే, పక్కన వాయించిన మృదంగం ఆయన్ని కూర్చోబెట్టి వినిపించి, ఆయన ఏది ఔనంటే అది ఉంచండి.

కరెంటు గుయ్‌మనే శబ్దం 50 హెర్ట్జ్ ఉండాలి కదా, దాంతో వేగం సరిచెయ్యమని విదేశీ పుస్తకాల్లో రాస్తారు. మనకి అది నమ్మకం లేదు. 2003కి ముందు దక్షిణాది గ్రిడ్ 50 దగ్గర నిలిచింది తక్కువ, వేసవి సాయంత్రాల్లో 48 దాకా జారేది. ఆ గుయ్ పట్టుకుని సరిచేస్తే సరిగ్గా ఉన్న కేసెట్టుని చెడగొట్టినవాళ్లవుతారు.

మోటారు ఊపు ఉందో లేదో తెలియాలంటే వయొలిన్ని వినకండి, తంబురాని వినండి. ఆయన వేలు ఊగితే తంబురా ఊగదు. తంబురా కూడా ఊగుతోందంటే అది మిషన్.

ఇక ఈల. ఆ నాలుగు కేసెట్ల స్పెక్ట్రమ్‌లో ఈల సరిగ్గా 9 కిలోహెర్ట్జ్ పరిసరాల్లో ఉందా? అసలు సంగీతం 5 కిలోహెర్ట్జ్ దాటి పెద్దగా లేదా? ఔనైతే అవి కచేరీలో పెట్టి చేసిన రికార్డింగులు కావు. రాత్రిపూట మీడియం వేవ్ రేడియో నుంచి పట్టినవి. మీడియం వేవ్ స్టేషన్ల మధ్య ఎడం 9 కిలోహెర్ట్జ్, రాత్రి దూరపు స్టేషన్ పక్కన చేరితే ఆ ఈల పుడుతుంది. ఆ ఒక్క చోటునే కోసే సన్నటి నాచ్ ఫిల్టరుతో ఈల పోతుంది, సంగీతానికి నష్టం లేదు. కానీ అవి రేడియోవాళ్ల రికార్డింగులన్న సంగతి గుర్తుంచుకోండి, హక్కుల విషయం తెలిసినవాళ్లు చెప్తారు.

బుస్సు తగ్గించే మీట 6 నుంచి 9 డెసిబెల్స్ దాకా చాలు. అంతకు మించితే కమాను తిరిగే చోట నీళ్లలోంచి వచ్చినట్టు బుడగల శబ్దం వస్తుంది. ఇంటి మోనో రికార్డింగుని స్టీరియోలో ఎక్కించి ఉంటే రెండు ఛానెళ్లూ కలపకుండా, రెండింట్లో శుభ్రంగా ఉన్న ఒక్కదాన్నే ఉంచుకోండి. కలిపితే అజిముత్ తేడా వల్ల పై శబ్దాలు ఒకదాన్నొకటి తినేస్తాయి.

—

ఫేడర్ రాసినది:

ముందు ఆ 5 వాట్ల కిట్ సంగతి. వద్దు. లైసెన్సు లేకుండా ఎఫ్ఎం బ్యాండులో ప్రసారం చెయ్యడం నేరం. ఒక వారమైనా, ఒక వీధికైనా అంతే. పైగా చవక కిట్లకి వడపోత సరిగ్గా ఉండదు, ఎఫ్ఎం పైనే విమానాల సంభాషణ బ్యాండు ఉంటుంది, అక్కడికి చిందితే అసలు చిక్కు.

సొంతంగా కమ్యూనిటీ రేడియో పెట్టుకోవడం వ్యక్తులకి కుదరదు. విద్యాసంస్థలు, కృషి విజ్ఞాన కేంద్రాలు, రిజిస్టరై మూడేళ్లు పనిచేసిన లాభాపేక్ష లేని సంస్థలు దరఖాస్తు చేసుకోవాలి. ప్రసార శక్తి 100 వాట్లు, యాంటెన్నా ఎత్తు 30 మీటర్లు దాటకూడదు. ఒక్క మనిషి జ్ఞాపకానికి స్టేషన్ పెట్టడమంటే ఒక్క పెళ్లికి కల్యాణమండపం కట్టడమే. ఇప్పటికే నడుస్తున్న స్టేషన్‌కి కార్యక్రమం ఇవ్వండి.

ఆకాశవాణికి రాసేటప్పుడు ‘మా మాస్టారు గొప్పవారు’ అని రెండు పేజీలు రాస్తే లాభం లేదు. ఆయన గ్రేడు (బి, బి-హై, ఎ, టాప్ ఏదైతే అది), ఆడిషన్ అయిన సంవత్సరం, స్టేషన్ నుంచి వచ్చిన పాత బుకింగ్ ఉత్తరాలు, రికార్డింగ్ తేదీలు ఉండాలి. ట్రంకు పెట్టెలో కేసెట్ల కింద ఆ ఉత్తరాలు ఉంటాయి, వెతకండి. తేదీ ఉంటే వాళ్ల లైబ్రరీలో వెతకడం గంట పని, తేదీ లేకపోతే ఎవరూ వెతకరు. వాళ్ల కార్యక్రమాల పట్టిక నెలల ముందే సిద్ధమవుతుంది కాబట్టి ఫిబ్రవరికి అక్టోబరులోనే ఉత్తరం వెళ్లాలి. కలిపి కుట్టేసిన కార్యక్రమం కాకుండా ముడిసరుకు ఇస్తామని రాయండి: శుభ్రం చేసిన ఐదారు అంశాలు, మాట్లాడగల ముగ్గురు, కుటుంబం సమ్మతి పత్రం.

హక్కులు తేల్చుకోకుండా ఏదీ ఎక్కడా పెట్టకండి. మీరు వినాల్సినవి నాలుగు. కృతి రచయిత పోయి 60 ఏళ్లు నిండితే రచన అందరిదీ. త్యాగరాజు, పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్, మన ఆదిభట్ల నారాయణదాసు వీటిలోకి వస్తారు. బాలమురళీకృష్ణ గారు 2016లో పోయారు కాబట్టి ఆయన తిల్లానా వాయించి ఉంటే అనుమతి కావాలి. రెండోది, వాయించినవాళ్ల హక్కు కచేరీ జరిగిన ఏటి నుంచి 50 ఏళ్లు. మాస్టారిది వారసుల దగ్గర ఉంటుంది, కానీ పక్కన మృదంగం, ఘటం వాయించినవాళ్లది వాళ్ల దగ్గరే ఉంటుంది. వాళ్ల దగ్గర సంతకం తీసుకోండి. అందరూ మర్చిపోయేది ఇదే. మూడు, కంపెనీ విడుదల చేసిన కేసెట్టయితే విడుదలైన ఏటి నుంచి 60 ఏళ్లు కంపెనీది. నాలుగు, పైన చెప్పిన ఈల కేసెట్లు. అవి రేడియోలో వచ్చినవి గనక ప్రసార భారతి అనుమతి లేకుండా యూట్యూబులో పెట్టకూడదు. అయితే వాటి మీద రాసిన తేదీ మీకు బంగారం, అదే తేదీతో మూలప్రతి ఉందేమో అడగొచ్చు.

కార్యక్రమం 28 నిమిషాలనుకుంటే సంగీతం 15కి తగ్గనివ్వొద్దు. మొదటి 40 సెకన్లు మాట లేకుండా ఆయన కమానే వినపడాలి, పుట్టిన తేదీతో మొదలుపెట్టకండి. వ్యాఖ్యానం నిమిషానికి 90 నుంచి 100 మాటలు. నాలుగు నిమిషాల వ్యాఖ్యానం అంటే 400 మాటలే, ఒక పేజీ దాటదు. మిగతాది శిష్యుల గొంతులు.

కోత దగ్గర ప్రాణం పోతుంది. ఆలాపనని ఒక స్వరాల పలుకు మధ్యలో కొయ్యకండి, షడ్జం మీదో పంచమం మీదో కార్వైలో (స్వరం సాగదీసి) నిలిచినప్పుడు కొయ్యండి. కృతిని ఆవర్తనం (తాళం ఒక చుట్టు) మధ్యలో మింగేస్తే తాళం తెలిసినవాడి చెయ్యి గాల్లో ఆగిపోతుంది. పల్లవి ఎత్తుగడకి వచ్చి అక్కడ తగ్గించండి. రెండు వేరు శ్రుతుల రికార్డింగుల్ని ఒకదాని మీదికి ఒకటి జార్చొద్దు, మధ్యలో మాట ఉండాలి, లేదా రెండు సెకన్ల నిశ్శబ్దం ఉండాలి.

గొంతులు రికార్డు చేసేటప్పుడు ఫ్యాను, ఫ్రిజ్ ఆపించండి. మైకు నోటికి జానెడు దూరంలో, సూటిగా కాకుండా పక్కవాటంగా పెట్టాలి. ఫోన్‌తో అయితే విమానం మోడ్‌లో, వేవ్ ఫైలు ఇచ్చే యాప్‌తో చెయ్యండి. ప్రతి చోటా ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం గది చప్పుడు పట్టండి, కోతల మధ్య అతుకు వెయ్యడానికి అదే గుడ్డ. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌గా పంపించుకోకండి, పిండేస్తుంది. ఫైలునే డాక్యుమెంటుగా పంపితే ఏమీ కాదు. ‘మాస్టారి గురించి నాలుగు మాటలు చెప్పండి’ అని అడిగితే అందరూ సంతాపసభలో మాట్లాడినట్టే మాట్లాడతారు. ‘వర్ణం నేర్పేటప్పుడు ఎక్కడ ఆపేవారు?’ అని అడగండి.

శబ్దం మట్టం ఆన్‌లైన్‌కైతే స్టీరియో మైనస్ 16 లఫ్స్ (చెవికి ఎంత బిగ్గరగా ఉందో చెప్పే కొలత), మోనో మైనస్ 19. స్టేషన్‌కి ఇచ్చేటప్పుడు వాళ్లు ఎంత అంటే అంత.

సంవత్సరీకం నాడు గోడ దగ్గరే లౌడ్‌స్పీకర్ పెట్టి వినిపిస్తే ఆ ఎఫ్ఎం సరదా కూడా తీరుతుంది. పోలీసు అనుమతి తీసుకోండి, రాత్రి 10 తరవాత కుదరదు.

—

సున్నపుగోడ రాసినది:

ఏటండీ, అందరూ శబ్దం మీదే పడ్డారు. గోడ సంగతి ఎవరూ ముట్టుకోలేదు.

నోటిమాట చాలదు. యజమాని దగ్గర కాగితం మీద రాయించుకోండి: ఎన్నేళ్లు చెరపకుండా ఉంచుతారు, మరమ్మతు వస్తే ఎవరు చూస్తారు. గోడ మునిసిపాలిటీదో కళాశాలదో అయితే లిఖిత అనుమతి లేకుండా కుంచె ముట్టొద్దు. కోటగోడ జోలికి అసలు వెళ్లొద్దు.

అక్టోబరు, నవంబరుల్లో మొదలుపెట్టకండి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండు తుపాన్లూ అక్టోబరులోనే వచ్చాయి. గోడ తడి ఆరేసరికి డిసెంబరు నడుమకొస్తుంది. జనవరిలో బొమ్మ వెయ్యండి. పొద్దున్న మంచు తడి పోయాక, తొమ్మిది దాటాక కుంచె పట్టాలి. మీది పడమటి గోడ గనక మధ్యాహ్నం ఎండ పడేముందే ఆపాలి. వేడెక్కిన గోడ మీద రంగు కుంచె గీతల్లోనే ఎండిపోయి, మొహం మీద చారలు పడతాయి.

అరచెయ్యి తడిపి గోడకి రుద్దండి. తెల్లగా అంటుకుంటే సున్నం ఇంకా వదులుగా ఉన్నట్టే. దాని మీద ఎంత ఖరీదైన ఎమల్షన్ వేసినా అరటి తొక్కలా పొరకి పొర ఊడొస్తుంది. రేకుతో గీకి, ఇనుప బ్రష్షుతో రుద్ది, కడిగి, చెయ్యికి ఏమీ అంటకుండా వచ్చేదాకా తియ్యాలి. అసలు కష్టం ఇక్కడే, రెండు రోజుల కూలీ పడుతుంది. తరవాత అడుగు చదరం పాలిథీన్ కాగితం నాలుగు వైపులా టేపుతో బిగించి ఒక రోజు వదిలెయ్యండి. లోపలి వైపు చెమట పట్టిందంటే గోడలో నీరుంది, ఆగాలి. పగుళ్లు కొత్తగా సిమెంటుతో పూడిస్తే 28 రోజులు ఆరనివ్వాలి. పచ్చి సిమెంటు క్షారం రంగుని తినేస్తుంది.

నేల నుంచి రెండు మూడు అడుగుల దాకా తేమ ఎగబాకుతుంది, అక్కడ ఉప్పు పూస్తుంది. మొహం గానీ, వేళ్లు గానీ, పేరు గానీ ఆ పట్టీలో రాకుండా చూడండి. అక్కడ ఏదో ఒక ముదురు రంగు చాలు, పోస్టర్లు అంటించినా ఏడాదికోసారి మళ్లీ పూసెయ్యొచ్చు. గోడ ముందు నాలుగు పూలకుండీలు కూడా పెట్టండి, ఎందుకో మీకు తెలుసు.

మీది 96 చదరపు అడుగులు. ఎక్స్‌టీరియర్ ప్రైమర్ ఒక లీటరు, పునాది రంగు రెండు పూతలకి ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ రెండు లీటర్లు సరిపోతాయి. బొమ్మ రంగులు కూడా ఎక్స్‌టీరియర్ ఎమల్షన్‌లోనే తీసుకోండి. దుకాణంలో దొరికే స్టెయినరు సీసాలు తెల్లరంగులో ఎడాపెడా పోస్తే రంగు ఆరదు, ఆరినా పొడి రాలుతుంది. ముదురు రంగు కావాలంటే మిషన్ మీద కలిపించుకోండి. పడమటెండకి ముందు పోయేవి గులాబీ, నిమ్మపసుపు, ఊదా. ఆక్సైడ్ రంగులు నిలుస్తాయి. ఒంటిరంగుకి పసుపు ఆక్సైడ్, ఎర్ర ఆక్సైడ్, తెలుపు, నీడల్లో చిటికెడు నీలం చాలు. గులాబీతో ఒంటిరంగు కలిపితే రెండేళ్లకి మనిషి బూడిద రంగుకి తిరుగుతాడు. పైన మెరిసే వార్నిష్ వద్దు. లోపలి తేమ బయటికి రాలేక బొబ్బలెక్కుతుంది.

ఫొటో మీద 12 పొడవు, 8 ఎత్తు గళ్లు గీసి, గోడ మీద సుద్ద పట్టించిన తాడుతో అడుగేసి గళ్లు కొట్టండి. రాత్రి ప్రొజెక్టరు పెట్టి గీస్తే త్వరగా అవుతుంది గానీ, యంత్రం కింద పెట్టి పైకి ఎత్తితే మొహం పైకి వెడల్పైపోతుంది. మొహం రెండున్నర అడుగులకి తగ్గితే రోడ్డు అవతల నుంచి పోల్చుకోలేరు. మొహం ఎలాగోలా వస్తుంది, చేతులకి ఎక్కువ రోజులు ఉంచుకోండి. 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊరు, ద్వారం వెంకటస్వామినాయుడు గారు పాఠం చెప్పిన ఊరు. ఇక్కడ దారిన పోయేవాళ్లలో సగం మంది మొహం కన్నా ముందు వేళ్లు చూస్తారు.

ఇంకో మాట. బొబ్బిలి దగ్గరే కదా అని వీణ బొమ్మ ఒకటి మూలన పెడదామంటారు ఎవరో ఒకరు. వద్దనండి. ఆయన వాయించింది వయొలిన్.

—

రాళముక్క రాసినది:

ఎవరూ అడగలేదు గానీ, ఆ వయొలిన్ ఇప్పుడెక్కడుంది? దండ వేసి గాజుబీరువాలో పెట్టేముందు ఒక్కమాట. తీగలు నాలుగూ ఒకేసారి పూర్తిగా వదులు చేస్తే బ్రిడ్జి పడుతుంది, లోపల నిలబడి ఉండే సౌండ్ పోస్టు కర్ర కూడా జారుతుంది. ఒక్కో తీగనీ ఒకటి రెండు స్వరాలు దించి వదిలెయ్యండి. కమాను వెంట్రుకలు మాత్రం పూర్తిగా వదులు చెయ్యాలి. బీరువాలో తేమ 45, 55 శాతం మధ్య ఉండాలి. సిలికా జెల్ గుప్పెళ్లకొద్దీ పోస్తే చెక్క ఎండి చీలుతుంది, ఏమీ పెట్టకపోతే మన తేమకి అంచుల జిగురు విడిపోతుంది. అన్నిటికన్నా మంచిది, వాయించే శిష్యుడెవరికైనా రాతపూర్వకంగా అప్పివ్వడం.

—

కోటగుమ్మం రాసినది:

వయొలిన్ శిష్యురాలి దగ్గర ఉంది, రోజూ వాయిస్తోంది. బుకింగ్ ఉత్తరాలు పదకొండు దొరికాయి, ఫేడర్ గారు చెప్పినట్టు కేసెట్ల కిందే. ఉత్తరం రాస్తున్నాం.

ఇక రెండే ప్రశ్నలు. బాగున్న ఫొటో నెగెటివ్ నుంచి తీయించినది, అందులో కమాను ఎడమచేతిలో కనిపిస్తోంది, ఆయన కుడిచేతివాటం. తిప్పేస్తే చాలా? గోడ మీద క్యూఆర్ కోడ్ పెడితే అక్కడే నిలబడి వినొచ్చు అంటున్నారు, రంగుతో వేయించొచ్చా?

—

సున్నపుగోడ రాసినది:

తిప్పెయ్యండి, అది నెగెటివ్ తిరగేసి ముద్ర వేసినది. సరిగ్గా తిప్పారో లేదో చొక్కా చెప్తుంది: మగవాళ్ల చొక్కాకి ఆయన ఎడమవైపు పట్టీ పైకి వస్తుంది, గుండీలు కుడివైపు పట్టీకి ఉంటాయి. వెనక బ్యానరు మీద అక్షరాలు కనిపిస్తే ఇంకా తేలిక. పక్కన మృదంగం ఉంటే నల్లటి ముద్ద ఉన్న ముఖం మృదంగం వాయించేవాడి కుడిచేతి వైపు రావాలి. వయొలిన్ తల కుడి చీలమండ మీద ఆనాలి, వయొలిన్‌ని గడ్డం కింద నొక్కిపట్టినట్టు ఉండకూడదు. పెయింటరు పాశ్చాత్య ఫొటోలు చూసి గడ్డానికి ఆనించే ప్రమాదం ఉంది, ముందే చెప్పండి. బొమ్మ గీత పూర్తయ్యాక, రంగు పడకముందే శిష్యురాలిని వయొలిన్‌తో గోడ ముందు కూర్చోబెట్టి కమాను కోణం సరిచూడండి.

క్యూఆర్‌ని కుంచెతో వెయ్యొద్దు. ఒక గడి అంచు వంకర పోయినా ఫోను పట్టదు, ఎండకి వెలిస్తే అసలే పట్టదు. కాల్చి ముద్ర వేసిన పింగాణీ టైలు మీద వేయించి గోడలో పొదగండి. చదివే దూరంలో పదో వంతు వెడల్పు ఉండాలి. రెండు మీటర్ల దూరం నుంచి అంటే 20 సెంటీమీటర్లు. తెలుపు మీద నలుపు, చుట్టూ నాలుగు గడుల ఖాళీ అంచు, ఎర్రర్ కరెక్షన్ ‘హెచ్’ స్థాయిలో పెడితే 30 శాతం దాకా చెక్కుకుపోయినా చదువుతుంది. మధ్యలో మాస్టారి ఫొటో ఇరికించకండి. ఎత్తు నేల నుంచి నాలుగడుగులు, పిల్లలకీ అందుతుంది, తేమ పట్టీకీ పైన ఉంటుంది.

‘డైనమిక్’ కోడ్ ఇచ్చే కంపెనీల దగ్గర చేయించకండి, ఏడాది చందా ఆగితే టైలు మీద కోడ్ చచ్చిపోతుంది. మామూలు కోడ్ చేయించి, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టిన పేజీ చిరునామాకి కలపండి. హక్కులు తేలిన అంశాలే అక్కడ పెట్టండి. మొదట వినిపించేది మూడు నిమిషాలకి మించకుండా ఉండాలి, రోడ్డు మీద నిలబడి రాగం తానం పల్లవి ఎవరూ వినరు. టైలు కాల్చించే ముందు కోడ్‌ని కాగితం మీద అదే కొలతకి ముద్రించి, సాయంత్రం నాలుగింటికి పడమటెండ పడుతుండగా గోడకి అంటించి, రెండు మూడు పాత ఫోన్లతో చదివించి చూడండి.